అభయ గణితం

అయినా భయం వేలి కొసకు ఎందుకు వస్తుంది, అది ఉండేది పొట్టలో కదా, అని ఆలోచిస్తూ పరాంకుశం మాస్టారు సైకిలుకు స్టాండు వేశాననుకుని వదిలేశాడు. సైకిలు పడిపోయింది. దాన్ని లేపడం మరిచి ఆయన ఆలోచనలోనే నిలబడ్డాడు. అందరికీ పొట్టలోనే ఉండాలని కూడా లేదు. తన భయం చిన్నప్పటి నుంచీ మెడ వెనక ఉంటోంది. ఎవరైనా గొంతు పెంచి మాట్లాడితే అక్కడ తడిచెయ్యి వేసినట్టవుతుంది. నాన్నగారికి మోకాళ్ళలో ఉండేది. హెడ్మిస్ట్రెస్ సుగుణరత్నం గారికి గొంతులో ఉంటుంది. జిల్లా ఆఫీసు నుంచి ఫోనొస్తే ఆవిడ గొంతు సన్నబడి చంటిపిల్ల గొంతైపోతుంది. మనిషికో చోట కాపురం పెట్టే భయాన్ని ప్రభుత్వం అందరికీ చూపుడువేలి దగ్గరే పట్టుకుంటానంటోంది. పట్టుకుంటే పట్టుకోనీ. కానీ అక్కడ దొరికేది భయమేనని దానికెవరు చెప్పారు?

ఈ ప్రశ్నకు ఆయనకు జవాబు తట్టలేదు. తట్టినా ఎవరితోనూ అనేవాడు కాదు. పులిమడుగు జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతికి లెక్కలు చెప్పే పరాంకుశం, పెళ్ళీ పెటాకులూ లేకుండా బస్టాండు వెనక ఒంటిగదిలో ఉంటాడు. తన మనసులో ఏం జరుగుతోందో కూర్చుని గమనించుకోవడం తప్ప వేరే కాలక్షేపం లేదు. ఎవరేమన్నా "అలాగేనండీ" అంటాడు. లోపల పెద్ద వాదం నడుస్తుండగానే బయటికి ఆ మాట వచ్చేస్తుంది. లోపలి వాదం గెలిచేసరికి ఎదుటిమనిషి వెళ్ళిపోయి ఉంటాడు.

పిల్లలకు లెక్కలంటే భయమన్న సంగతి రాజధానిలో ఆ ఏడాదే తెలిసింది. తెలిసిన వెంటనే అభయ గణిత మిషన్ అని ఒకటి పుట్టింది. దానికొక డైరెక్టరు, డైరెక్టరుకొక కారు, కారు మీద ఎత్తిన అరచెయ్యి బొమ్మ ఏర్పాటయ్యాయి. డైరెక్టరు విశ్వంభరరావు గారు మండల కేంద్రంలో లెక్కల మాస్టర్లందరినీ కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చారు.

"గణితము విద్యార్థికి మిత్రుడు," అన్నారాయన. "మిత్రుని చూచి ఎవరైనను భయపడుదురా? భయపడినచో దోషము మిత్రునిది. కావున మనము విద్యార్థిని సంస్కరించబోవుట లేదు. గణితమును సంస్కరించుచున్నాము."

వెనక వరసలో ఒక మాస్టారు, మిత్రుల సంగతేమోగానీ మా బావమరిది వస్తున్నాడంటే నాకు దడేనని పక్కవాడి చెవిలో అన్నాడు. డైరెక్టరు గారు వినలేదు. ఆయన చేతిలో అప్పుడొక ప్లాస్టిక్ క్లిప్పు ఉంది. ఆసుపత్రుల్లో వేలికి తగిలించి నాడి చూసే క్లిప్పు అది. మిషన్‌లో చేరాక దాని పేరు భయమాపకం అయింది. నిమిషానికి గుండె తొంభైసార్ల లోపు కొట్టుకుంటే ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. దాటితే ఎర్రదీపం. ఎర్రదీపం వెలిగిన పిల్ల భయగ్రస్తురాలు. లెక్కల పీరియడు పొడుగునా అందరి వేళ్ళకూ ఇది ఉండాలి. ఒక్క ఎర్రదీపమూ లేని బడిని అభయ పాఠశాలగా ప్రకటిస్తారు. అలాంటి బడికి ప్రహరీగోడ మంజూరవుతుంది.

గోడకూ లెక్కలకూ సంబంధమేమిటని ఎవరూ అడగలేదు. పులిమడుగు బడికి గోడ లేదు. ప్రార్థన జరిగేటప్పుడు పందులు వచ్చి వరసల మధ్య నిలబడతాయి. సుగుణరత్నం గారు ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ గోడ అడుగుతూనే ఉన్నారు. ఆవిడ ఆ సాయంత్రమే పరాంకుశాన్ని పిలిచి, ఈ గోడ మన చేతుల్లో కాదు మాస్టారూ, మీ చేతుల్లో ఉందని చెప్పారు. ఆయన అలాగేనండీ అన్నాడు.

మొదటి రోజు పిల్లలు ప్రార్థన నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి క్లిప్పులు తగిలించుకున్నారు. పరాంకుశం లోపలికి అడుగుపెట్టేసరికి గది నిండా ఎర్రదీపాలు. ఈ సంగతి పైకి చేరింది. ఉపాధ్యాయుని ఆకారమే భయకారకముగా నున్నదని, తరగతిలో ప్రవేశించునపుడు కుడిచేతిని అభయముద్రలో ఎత్తి చిరునవ్వు నవ్వవలెనని పైనుంచి జవాబు వచ్చింది. ఆయన గదిలో అద్దం ముందు నిలబడి చిరునవ్వు సాధన చేశాడు. అది ముఖంలో ఒక పక్కనే వచ్చింది. మర్నాడు చెయ్యెత్తి ఆ నవ్వుతో లోపలికి వెళ్తే, మాస్టారికి పక్షవాతం వచ్చిందనుకుని ముందు బెంచీ ఆడపిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. మిగతావాళ్ళు ఐదు నిమిషాలు సెలవు ఇస్తున్నాడనుకుని బయటికి వెళ్ళిపోయారు.

బాలకోటి అనే కుర్రాడి దీపం త్రికోణమితి పాఠంలో మాత్రమే ఎర్రబడేది. మిషన్ వాళ్ళు త్రికోణమితిని అనుమానించి రెండు పాఠాలు తీసేశారు. అయినా తగ్గలేదు. త్రికోణమితి బొమ్మలు బోర్డు మీద ఎండకు మెరిసి కనబడవని ఆడపిల్లల బెంచీలు ఇటు తిప్పేవారనీ, అప్పుడు రెండో బెంచీలో మాధురి ముఖం ఈ కుర్రాడికి ఎదురుగా వచ్చేదనీ పరాంకుశానికి తెలుసు. ఆయన బెంచీలు మళ్ళీ అటు తిప్పేశాడు. దీపం ఆకుపచ్చగా మారింది. త్రికోణమితి భయమును నిర్మూలించిన తొలి మండలమని డైరెక్టరు గారు ఒక సభలో ప్రకటించారు. ఆ సాయంత్రం పరాంకుశం తన గదిలో కూర్చుని చాలాసేపు తర్కించుకున్నాడు. పదిహేనేళ్ళ గుండె ఒకమ్మాయిని చూసి కొట్టుకున్నా, లెక్కను చూసి కొట్టుకున్నా క్లిప్పుకు ఒకటే. మరి తన గుండె? పదో తరగతిలో తానొక లెక్కతో కుస్తీ పడుతుంటే, జవాబు ఇంకా తెలియకముందే, ఎక్కడో మూల మలుపులో అది వస్తున్న అడుగుల చప్పుడు విన్నట్టు చెవుల్లో దడదడమనేది. గుండెకు ముందే తెలిసిపోయి, బుర్రకు చెప్పకుండా నవ్వుతున్నట్టుండేది. అది మెడ వెనక చెయ్యి కాదు. ఆ రెంటికీ తేడా తనకు స్పష్టంగా తెలుసు. తెలిసి ఏం లాభం, క్లిప్పుకు తెలియదు కదా.

అక్కడి నుంచి గణిత సంస్కరణ జోరందుకుంది. మొదట తీసివేత పోయింది. తీసివేత అనగా నష్టము, నష్టము దుఃఖహేతువు, దుఃఖము భయమునకు తోబుట్టువు అని వివరణ. రుణసంఖ్యలు దానితోపాటే పోయాయి. తర్వాత సమస్య అనే మాట. పిల్లవాడి ముందుకు సమస్య తీసుకువెళ్ళి పరిష్కరించమనడం అమానుషమని, ఇకపై ప్రతి లెక్కనూ ఆహ్వానం అనాలని చెప్పారు. "నాలుగో ఆహ్వానం చెయ్యండ్రా" అని పరాంకుశం అంటే పిల్లలు పెళ్ళెవరిదని అడిగారు.

చివరికి ఎక్స్ దగ్గరికి వచ్చారు. డైరెక్టరు గారు స్వయంగా కొత్త విధానం చెప్పారు.

"అన్ని భయములకును మూలము తెలియనితనము. ఎక్స్ అనగా తెలియనిది. తెలియని వారితో మాట్లాడవద్దని ఇంటిలో తల్లి చెప్పుచున్నది. బడిలో మీరు తెలియనిదానిని వెదకుమని పంపుచున్నారు. ఇందులో న్యాయమున్నదా?"

కాబట్టి ఇకమీదట జవాబు ముందు చెప్పాలి. బోర్డు మీద పైన, పెద్ద అంకెల్లో, ఆకుపచ్చ చాక్‌పీసుతో జవాబు రాసి, దాన్ని ముమ్మారు గట్టిగా చదివి, పిల్లలు నెమ్మదించాక కింద లెక్క రాయాలి. పిల్లలు లెక్కను చూసి, జవాబు అదేనని అంగీకరించాలి. అంగీకరించకపోయినా పరవాలేదు.

పరాంకుశం అలాగే చేశాడు. బోర్డు మీద పద్దెనిమిది అని రాసి, పద్దెనిమిది, పద్దెనిమిది, పద్దెనిమిది అని చదివి, ఎక్స్ విలువ పద్దెనిమిది అయినచో ఎక్స్ విలువ ఎంత అని రాసేవాడు. మొదట్లో కొందరు పిల్లలు నవ్వారు. తర్వాత నవ్వడం మానేశారు. అన్నిటికంటే ఆయన్ని కలవరపెట్టింది తన సొంత మనసు: అది హాయిగా ఉంది. ఎవరూ సందేహాలు అడగరు. ఎవరి తప్పూ దిద్దక్కర్లేదు. మెడ వెనక చెయ్యి లేదు. నీళ్ళు లేని బావిలో కూర్చున్నంత ప్రశాంతంగా ఉంది.

సంస్కరణ బడి దాటి బయటికి కూడా నడిచింది. క్రికెట్ ఆడే కుర్రాళ్ళు ఇంకెన్ని పరుగులు కావాలో, ఎన్ని బంతులు మిగిలాయో గట్టిగా లెక్కలు వేసుకుంటున్నారనీ, అది అనధికార గణితమనీ ఎవరో ఫిర్యాదు చేశారు. స్కోరు పెట్టకుండా ఆడమన్నారు. రెండు జట్లూ గెలిచాయని డ్రిల్లు మాస్టారు ప్రకటించగానే రెండు జట్లూ ఆయన మీద తిరగబడ్డాయి.

ఇంతలో పక్క మండలంలో ఒక హైస్కూలు అభయ పాఠశాల అయిపోయింది. వాళ్ళు చేసిందల్లా లెక్కల పీరియడును మధ్యాహ్న భోజనం తర్వాతికి మార్చి, ఆ రోజుల్లో పెరుగన్నం వడ్డించడం. సుగుణరత్నం గారు ఇది విని రెండు రాత్రులు సరిగా నిద్రపోలేదు. మూడో రోజు నుంచి పులిమడుగులో పెరుగన్నం మొదలైంది, పిల్లలు నిద్రపోవడం మొదలైంది. పరాంకుశం జవాబు మూడోసారి చదివేసరికి సగం తలలు బెంచీల మీద ఉండేవి. పడుకున్న ప్రతి తల పక్కనా ఒక చెయ్యి, ఆ చేతి వేలికి ఒక ఆకుపచ్చ దీపం. కిటికీ దగ్గర నిలబడి చూస్తే పంటపొలంలా ఉండేది.

పొలం మధ్యలో ఒక్కచోట మాత్రం ఎర్రగా వెలుగుతూ ఉండేది. మూడో బెంచీ, గోడవార. నాగూర్‌బీ.

నాగూర్‌బీ సన్నగా, మాటకు ముందు కాస్త ఆగి మాట్లాడే పిల్ల. తండ్రి మీరావలి ఊళ్ళో పరుపులు కుట్టిస్తాడు. ఈ పిల్లకు పాలిటెక్నిక్‌లో చేరాలని ఉంది. ఆ సంగతి ఎనిమిదో తరగతిలో ఒకసారి పరాంకుశంతో చెప్పి, చెప్పినందుకు సిగ్గుపడి, మళ్ళీ ఎత్తలేదు. పెరుగన్నం తిన్నా ఆ పిల్ల నిద్రపోదు. మాస్టారు ఆకుపచ్చ చాక్‌పీసు చేతిలోకి తీసుకోగానే ఎడమచేత్తో కళ్ళు మూసుకుంటుంది. తర్వాత వేళ్ళ సందుల్లోంచి బోర్డు అడుగుభాగాన్ని చూస్తుంది. కుడిచేతి వేలి మీద దీపం మండిపోతుంటుంది. బోర్డును చూసి కళ్ళు మూసుకునేంత భయమా అని పరాంకుశం కూడా నొచ్చుకున్నాడు. పాపం, ఇదివరకు ఇలా ఉండేది కాదు అనుకున్నాడు. అడగలేదు. అడగడానికి నోరు తెరవాలి.

భయగ్రస్తులను శాంతి కుటీరంలో ఉంచాలని నిబంధన. బడిలో ఆటవస్తువులు పెట్టే గదిని ఊడ్చి, చాప పరిచి, తలుపు మీద శాంతి కుటీరం అని రాశారు. లెక్కల పీరియడులో నాగూర్‌బీని అందులో కూర్చోబెట్టి వేణుగానం పెట్టారు. ఆ పిల్ల చాప అల్లికలో గళ్ళు చూసింది. ఒక గడి చుట్టూ ఎన్ని, వాటి చుట్టూ ఎన్ని, వాటి చుట్టూ ఎన్ని అని మొదలుపెట్టింది. దీపం ఆరలేదు సరికదా, గుండె ఇంకా గబగబా కొట్టుకుంది. వ్యాధి ముదిరిందని జిల్లా నుంచి మనోవైజ్ఞానిక సలహాదారును పంపారు. ఆయన చాప మీద బాసింపట్టు వేసుకుని, ఎదురుగా పిల్లను కూర్చోబెట్టుకుని, మెత్తగా అడిగాడు. పరాంకుశం గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అమ్మాయ్, కలలో అంకెలు కనిపిస్తాయా?"

"వస్తాయండీ."

"వచ్చి ఏమంటాయి?"

"ఏమీ అనవండీ. వాటి పని అవి చేసుకుంటుంటాయి."

"నిన్ను తరుముతాయా?"

"లేదండీ. నేనే వాటెంట పడతాను."

సలహాదారు లేచి బయటికి వచ్చి, ఇది తాను పుస్తకాల్లో కూడా చూడని దశ అని సుగుణరత్నం గారికి చెప్పాడు. బాధితురాలు తనను తరిమేదాని వెంట తానే పడుతోందన్నాడు. ఆవిడ గొంతు చంటిపిల్ల గొంతయింది.

ఊళ్ళో ఈ సంగతి లెక్కల జబ్బుగా పాకింది. మీరావలి ఒక మధ్యాహ్నం దూదినలుసులు అంటిన చొక్కాతోనే బడికి వచ్చి, పరాంకుశాన్ని స్టాఫురూము బయటికి పిలిచాడు. దర్గాలో తాయెత్తు కట్టించానని, గోరింటాకు పెట్టించానని, గుంటూరు తీసుకెళ్ళి గుండె ఫోటో కూడా తీయించానని, డాక్టరు నవ్వి పంపేశాడని చెప్పాడు.

"సారూ, మీరు ఉన్నమాట చెప్పండి. మా పిల్లకి ఇది పెళ్ళయితే తగ్గేదేనా, ఉండిపోయేదా?"

పరాంకుశం చాలా చెప్పాలనుకున్నాడు. లోపల ఉపన్యాసమంత తయారైంది. చివరికి, "జబ్బేం కాదు మీరావలీ," అన్నాడు.

"మరి ఎర్రలైటు?"

దానికి ఏం చెప్పాలో తెలియక ఆయన నేల చూశాడు. మీరావలి ఇంకాసేపు నిలబడి, మీరే అట్టా అంటే ఇంక మేమేం చేస్తాం సారూ అని వెళ్ళిపోయాడు. ఏమీ అనని మనిషిని మీరే అట్టా అంటే అనడం ఏమిటని పరాంకుశానికి ఆ రోజంతా గుచ్చుకుంటూనే ఉంది. ఏమీ అనకపోవడం కూడా ఒక మాటే అయి, అది ఆ పిల్ల ఇంటిదాకా నడిచి వెళ్తోందన్నమాట.

తనిఖీకి డైరెక్టరు గారే వస్తున్నారని కబురొచ్చింది. సుగుణరత్నం గారు పరాంకుశాన్ని తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశారు. బయట ఒక పంది ఆ తలుపును కాసేపు మూతితో తోసి వెళ్ళిపోయింది.

ఆవిడ చెడ్డమనిషి కాదు. పిల్లలకు జ్వరమొస్తే తన స్కూటరు మీద ఇళ్ళకు దింపుతుంది. అందుకే మాట ఎత్తడానికి చాలాసేపు పట్టింది. నయంకాని భయగ్రస్తులకు గణిత విశ్రాంతి అనే సౌకర్యం ఉందని చెప్పారు. నాగూర్‌బీకి ఇక లెక్కల క్లాసు ఉండదు, లెక్కల పరీక్ష ఉండదు. మిగతా సబ్జెక్టులతో పాసు చేసేస్తారు. ఆ పిల్ల లెక్కల విద్యార్థి కాదు గనుక ఎర్రదీపం కూడా లెక్కలోకి రాదు. కావలసిందల్లా, లెక్కల మాస్టారు తనిఖీ సంఘం ఎదుట నోటితో ఒక్కమాట చెప్పడం: ఈ బాలిక భయగ్రస్తురాలు, ఇది నయం కాదు, అని.

"అంటే ఇంక పాలిటెక్నిక్..." అన్నాడు పరాంకుశం.

"అది ఉండదు. ఎంపీసీ కూడా ఉండదు. నాకు తెలుసు." ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచారు. "మాస్టారూ, నేను రిటైరయ్యేలోపు ఆ గోడ చూడాలి. మొన్న ఆరో తరగతి పిల్లాడి మీదికి పంది వచ్చింది. ఒక్క పిల్ల కోసం, ఒక్క వేలి కోసం, గోడ పోగొట్టుకుందామా? మీరే చెప్పండి."

అలాగేనండీ అనే మాట నాలుక మీదికి రానే వచ్చింది. ఎప్పుడూ ఆగనిది ఆ రోజు సగంలో ఆగింది. "అలా" అని మాత్రం బయటపడింది. సుగుణరత్నం గారు మిగతా సగం తానే కలుపుకుని, థాంక్యూ మాస్టారూ అన్నారు.

తనిఖీ రోజున పెరుగన్నం రెండోసారి కూడా వడ్డించారు. పదో తరగతి గదికి మామిడాకులు కట్టారు. డైరెక్టరు గారు వెంట ఇద్దరు సభ్యులతో వచ్చి, చెయ్యెత్తి అభయమిచ్చి, వెనక కుర్చీలో కూర్చున్నారు. నాగూర్‌బీని శాంతి కుటీరం నుంచి తెచ్చి మూడో బెంచీలో కూర్చోబెట్టారు. సుగుణరత్నం గారు గుమ్మం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు.

పరాంకుశం బోర్డు మీద పైన ఆకుపచ్చగా 128 అని రాశాడు. కింద తెల్లగా ఆహ్వానం రాశాడు: మూడంకెల సంఖ్యల్లో ఏడుతో నిశ్శేషంగా భాగించబడేవి ఎన్ని? గది నెమ్మదిగా ఆకుపచ్చబడింది. బాలకోటి అప్పుడే బెంచీ మీద వాలిపోయాడు. నాగూర్‌బీ ఎడమచేత్తో కళ్ళు మూసుకుంది. కుడిచేతి మీద దీపం ఎర్రగా వెలిగింది.

డైరెక్టరు గారు లేచి ఆ పిల్ల పక్కకు వచ్చారు. "చూచితిరా, కన్నులు సైతము మూసుకొన్నది," అని సభ్యులతో అన్నారు. తర్వాత వంగి అడిగారు. "చెప్పు తల్లీ. సంకోచించకుము. దేనిని చూచి నీకీ భయము?"

నాగూర్‌బీ కాస్త ఆగింది. చెయ్యి తీయలేదు.

"లెక్కని చూసి కాదండీ. సారు జవాబు చదివేస్తారేమోనని."



"ఆయన చదివేలోపు నేను పట్టుకోవాలండీ," అంది ఆ పిల్ల. ఎవరూ ఏమీ అనకపోయేసరికి ఇంకా చెప్పాలేమో అనుకున్నట్టుంది. "మొదట్లో అందుతుండేది. ఇప్పుడు సారు గబగబా చదివేస్తున్నారు. ఒక చేతికి ఇది ఉంది గదండీ. రెండో చేత్తో కళ్ళు మూసుకుంటే చెవులు మిగిలిపోతున్నాయి."

పరాంకుశానికి ఆ మాటలు విడివిడిగా వినిపించాయి. ఇన్నాళ్ళూ ఈ పిల్ల తనతో పందెం పెట్టుకుని పరుగెడుతోంది. తాను రోజూ దారికి అడ్డంగా నిలబడి, గమ్యం ఇదేనని గొంతు చించుకుని అరుస్తున్నాడు. నిద్రపోయే తలల మధ్య ఒకే ఒక్క గుండె తన పాఠం కోసం కొట్టుకుంటుంటే, పాపం అని నొచ్చుకున్నాడు.

డైరెక్టరు గారి ముఖం విప్పారింది. "భయమని స్వయముగా అంగీకరించినది," అన్నారు సభ్యుల వైపు తిరిగి. "జవాబును చూచి భయపడు దశ. మిషన్ చరిత్రలో మొదటిది. అయినను విధానము ప్రకారము ఒక అవకాశమిచ్చెదము. మాస్టారూ, జవాబును ముమ్మారు చదవండి. దీపము మారినచో సరి. మారనిచో, భయగ్రస్తురాలని ప్రకటించండి. విశ్రాంతి మంజూరు చేసెదను."

సుగుణరత్నం గారు గుమ్మం దగ్గర నుంచి ఆయన్నే చూస్తున్నారు. ఆవిడ వెనక, మైదానంలో, గోడ లేనిచోట నుంచి గాలి వస్తోంది. పరాంకుశం మెడ మీద తడిచెయ్యి పడింది. పడుతుందని తెలుసు. దాని బరువెంతో, ఏ వేలు ఎక్కడ ఉంటుందో కూడా తెలుసు. కానీ దాని కిందే, కాస్త ముందుకు, చెవుల్లో ఇంకేదో దడదడమంటోంది. ఎక్కడో మూల మలుపులో అడుగుల చప్పుడు. పదిహేనేళ్ళ వయసు తర్వాత మళ్ళీ వినలేదు. రెండూ ఒకేసారి ఉండొచ్చని ఆయనకు ఇన్నేళ్ళూ తెలియదు. ఇప్పుడు గనక తన వేలికి క్లిప్పు పెడితే అదేమంటుంది? ఏదైనా అననీ.

"చదవండి మాస్టారూ," అన్నారు డైరెక్టరు గారు.

మూడో బెంచీలో ఎడమచెయ్యి కళ్ళ మీద ఇంకా గట్టిగా బిగుసుకుంది. పెదవులు గబగబా కదులుతున్నాయి. నూట ఐదు, నూట పన్నెండు దాటి ఆ పిల్ల ఎక్కడో ఒంటరిగా పరుగెడుతోంది.

పరాంకుశం వెనక్కి తిరిగి, డస్టరు కోసం వెతక్కుండా, ఆ ఆకుపచ్చ జవాబును అరచేత్తో తుడిచేశాడు.